కీరన్ అంటే నల్లవాడు

గల్ఫ్‌లో, రువైస్ రిఫైనరీలో మాకు పని నేర్పిన ఫోర్‌మన్‌ను అందరం కాకా అనేవాళ్లం. వరస పెట్టి పిలిస్తే పలికేవాడు. ఇంకొకరి పేరుతో పిలిస్తే మాత్రం తల కూడా తిప్పేవాడు కాదు.

కరోనా తగ్గిన ఏడాది ఐర్లండ్ నుంచి కుర్ర ఇంజినీరొకడు వచ్చాడు. పేరు కీరన్. మేం కైరాన్ అంటే ఊరుకోక అందరిచేతా సరిగ్గా పలికించాడు. వాళ్ల గేలిక్ భాషలో నలుపు అనే మాట నుంచి ఆ పేరు పుట్టిందనీ, చిన్ని నల్లవాడని అర్థమనీ, అది తన తాత పేరనీ గర్వంగా చెప్పాడు. మమ్మల్ని మాత్రం అందరినీ ‘రాజు’ అనేవాడు. అది సులువట.

ఒకరోజు ‘రాజు, రాజు’ అని ఎంత అరిచినా కాకా బోల్టు బిగిస్తూనే ఉన్నాడు. ఇంజినీరు దగ్గరికొచ్చి, చెవుడా అని అడిగాడు.

“నా పేరుకు గూడ నల్లనోడనే అర్థం సార్. మీది మేం నేర్సుకున్నం. మాది మీరు నేర్వరా?” అన్నాడు కాకా. ఆ మాటలు నేనే ఇంగ్లీషులో చెప్పాను.

ఇంజినీరు ముఖం ఎర్రబడింది. ఎదురు మాట్లాడాడని ఫిర్యాదు చేసి, కాకాను వేరే సైటుకు మార్పించాడు. వెళ్లే రోజు బస్సు దగ్గరికి తనే వచ్చి చెయ్యి చాపాడు.

“గుడ్ లక్, రాజు.”

వెక్కిరింతేమీ లేదు. కాకా అసలు పేరు అతనికి నిజంగానే గుర్తులేదు. కాకా ఆ చెయ్యి ముట్టకుండా బస్సెక్కాడు.

“ఇతనికేమైంది?” అని ఇంజినీరు నన్ను అడిగాడు. ఆ ప్రశ్న తలుచుకుంటే ఈనాటికీ నా పళ్లు పటపటలాడతాయి.