నా నోటి పుండ్లను తీర్పు అనుకున్నాను

ప్రభువునందు ప్రియులైన సహోదరులారా, సహోదరీలారా! నా పేరు సువార్తమ్మ, నందికొట్కూరు దగ్గర మా ఊళ్లో మిరప కోతలకు పోయి బతికేదాన్ని. మూడేళ్ల కిందట వేళ్ల కణుపులు, మోకాళ్లు వాచిపోయాయి, తెల్లారి లేస్తే చెంబు పట్టుకోలేను, తల దువ్వుకోలేను, మా ఆయన నాకు జడ వేస్తుంటే సిగ్గుతో ఏడ్చేదాన్ని.

ఊళ్లో సూదులు వేసే డాక్టరు చిన్న తెల్ల మాత్ర ఇచ్చాడు. రెండు రోజులకే నొప్పి మాయం! ఏడాది పాటు రోజూ మింగాను. ముఖం గుండ్రంగా ఉబ్బింది, మందిరంలో అందరూ "ఏమ్మా, శానా ఒళ్లు చేసినావే, దేవుడు దీవించినాడు" అన్నారు. నేనూ పొంగిపోయి, మాత్ర సంగతి దాచి, ఒక్క ప్రార్థనతోనే స్వస్థత కలిగిందని సంఘం ముందు సాక్ష్యం చెప్పాను. అది అబద్ధం సహోదరులారా, ఈరోజు ఒప్పుకుంటున్నాను.

ఆ తర్వాత షుగరు వచ్చింది, చూపు మసకబారింది, ఒళ్లంతా కమిలిన మచ్చలు. కర్నూలులో పెద్ద డాక్టరమ్మ చూసి, ముఖం ఉబ్బుతో సహా ఇదంతా ఆ తెల్ల మాత్ర వల్లేనని చెప్పి, దాన్ని కొద్దికొద్దిగా తగ్గిస్తూ పసుపు మాత్ర రాసింది, వారానికి ఒక్కటే, ఆదివారం నాడే వేసుకోవాలి, గుణం కనిపించడానికి రెండు నెలలు పడుతుందని గట్టిగా చెప్పింది. తెల్లది రెండు రోజుల్లో సుఖమిచ్చింది, పసుపుది మూడు వారాలైనా ఉలుకూ పలుకూ లేదు, నాకు ఓపిక చచ్చిపోయి, వారానికొకటి ఏ మూలకు అనుకుని రోజూ మింగడం మొదలుపెట్టాను!

పదో రోజుకు నోరంతా పుండ్లు. ఆ ఆదివారం ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షారసం నాలుకకు తగలగానే నిప్పు పెట్టినట్టు మండింది. అయోగ్యంగా పుచ్చుకున్నాను, అబద్ధ సాక్ష్యం చెప్పిన నాలుకను దేవుడే కాలుస్తున్నాడు అని నమ్మాను. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. అన్నం మానేశాను, జ్వరం పట్టుకుంది, మాత్ర మాత్రం మానలేదు. "ప్రభువా, కాలిస్తే కాల్చు, నన్ను మాత్రం తోసేయొద్దు" అని మూలుగుతూ పడి ఉన్నాను.

అప్పుడు మా పాస్టరమ్మ గంజి తెచ్చింది. నేను ముఖం తిప్పుకుంటే గడ్డం పట్టుకుని నోరు తెరిపించింది. ఇక దాచలేక ఏడుస్తూ అబద్ధ సాక్ష్యం, డాక్టరమ్మ వారానికొకటి రాసిన పసుపు మాత్ర, అంతా చెప్పేశాను. ఆమె మాత్రల అట్ట తీసి చూసి, "వారానికొకటి అన్యారు గదమ్మా, మాత్రలన్నీ యాడ పాయె? ఇది తీర్పు గాదు సువార్తమ్మా, మాత్ర!" అని కేక వేసింది.

అప్పటికప్పుడు ఆటోలో కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయారు. రక్తంలో కణాలు పడిపోయాయట, ఇంకో రెండు రోజులైతే దక్కేదాన్ని కాదన్నారు. పక్క మంచం మీది తల్లి కూడా నాలాగే ప్రార్థించేది, ఆమె ఇంటికి పోలేదు. ఆమె ఎందుకు చనిపోయిందో, నేనెందుకు మిగిలానో నాకు తెలియదు, తెలిసినట్టు మీకు చెప్పను.

ఇప్పుడూ మందు వాడుతున్నాను, డాక్టరమ్మ చెప్పినట్టే. వేళ్లు వంకరగానే ఉన్నాయి. కానీ ముఖం ఉబ్బును దీవెన అనుకున్నదీ నేనే, పుండును శాపం అనుకున్నదీ నేనే, ఆయన నన్ను కాల్చనూ లేదు, తోసేయనూ లేదు, దేవునికే మహిమ! మీలో ఎవరైనా దేవుడు తమ మీద కోపంగా ఉన్నాడని బాధను మింగుకుని కూర్చుంటే, ఆయనను నమ్మి నోరు తెరవండి. నేను శానా ఆలస్యంగా తెరిచాను, అయినా విన్నాడు.