వేడినీళ్లలో చేతులు

సాయంత్రం కొత్తపేటలో నూడుల్స్ బండి దాటుతుంటే వెనిగర్ వాసన గుప్పుమంటుంది. అందరికీ ఆకలి వేస్తుందేమో, నాకు మాత్రం రాజ్యలక్ష్మి మేడం గుర్తొస్తారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె పళ్ల ఆసుపత్రిలో ఎక్స్‌రే ఫిల్ములు కడిగే చీకటి గది అచ్చం ఇలాగే వాసన వేసేది. డెంటల్ చదువు పూర్తిచేసి, నేను మొదట చేరింది ఆమె దగ్గరే. మాది నల్లగొండ, ఆమెది గుడివాడ వైపు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల్లో ఆ మాట ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉండేవారు. ఆమె మాత్రం నన్ను ఏ ఊరని అడగలేదు, "ఫిల్ము సరిగ్గా కడిగావా?" అనే అడిగేవారు.

ఆమెకో వింత అలవాటు ఉండేది. దవడ వాచిందని ఎవరొచ్చినా నోటికంటే ముందు చేతులు చూసేవారు. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదేనని నాలో నేనే నవ్వుకునేదాన్ని.

ఒక బంద్ రోజు ఉదయం కుర్రాళ్లు గుంపుగా వచ్చారు. ముందున్నది యాదగిరి, మీర్‌పేట్‌లో ఆటో నడిపే మనిషి. మెడలో గులాబీ కండువా, ఎడమ బుగ్గ కింద ఇంత వాపు.

"షటర్ గుంజున్రి మేడం, ఇయ్యాల బంద్" అన్నాడు.

"గుంజుదాంలే బాబూ. ముందు ఆ బుగ్గ సంగతేంటి?"

అతను తడబడ్డాడు. "రెండుసార్లు కోసిన్రు. మళ్ల ఒచ్చింది. ఇగ సగం దౌడ తీసేయాలంటున్రు."

మేడం షటర్ సగం దించి, అతన్ని లోపల కూర్చోబెట్టి, గోరువెచ్చని నీళ్ల బేసిన్‌లో చేతులు పెట్టమన్నారు. బయటి నుంచి ఒకడు, "దౌడ వాస్తే చేతులు కడిగిస్తుందేందిరా!" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. కాసేపటికి మేడం ఆ అరచేతుల్ని దీపం కిందికి తిప్పారు. నానిన చర్మం మీద సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న గుంటలు. నా నవ్వు ఆగిపోయింది.

"ఇది పిప్పిపన్ను వల్ల వచ్చింది కాదయ్యా. ఈ గుంటలు చూస్తే, పుట్టుకతో, వంశంలో వచ్చే అరుదైన జబ్బులా ఉంది. దవడ ఎముకలో తిత్తులు వస్తాయి, తీసినా మళ్లీ వస్తాయి. ముక్క తీసి పరీక్షకు పంపుదాం. అది తిత్తే అయితే దవడ తీయక్కర్లేదు" అన్నారు. ఆగి, "పిల్లలున్నారా?" అని అడిగారు.

"ఒక్కతే బిడ్డ. మౌనిక. దానికేం లేదు మేడం, మంచిగనే ఉన్నది."

"మంచిగా ఉన్నప్పుడే తీసుకురా."

యాదగిరి ముఖం పాలిపోయింది. తన దవడ పోతుందన్నప్పుడు కూడా అంత భయపడి ఉండడు. మర్నాడే కూతుర్ని తీసుకొచ్చాడు. పిల్లకు వాపు లేదు, నొప్పి లేదు. అరచేతుల్లో మాత్రం అవే గుంటలు. ఫిల్ము నేనే కడిగాను. ఇంకా బయటికి రాని పన్ను పక్కన, ఎముకలో నల్లటి నీడ కనబడింది. తండ్రి పరీక్ష ఫలితం కూడా తిత్తనే వచ్చింది. మేడం ఇద్దరికీ ఆపరేషన్ చేశారు. ఇద్దరి దవడలూ నిలిచాయి. ఆ తర్వాత బంద్ అంటే యాదగిరే ముందుగా వచ్చి, "జర షటర్ సగమే గుంజున్రి, పేషెంట్లు ఒస్తరు" అని చెప్పి పోయేవాడు.

రాష్ట్రం వచ్చింది. ఆరోగ్యం బాగాలేక మేడం చెల్లెలి దగ్గరికి గుడివాడ వెళ్లిపోయారు, అక్కడే పోయారు. ఎల్బీ నగర్‌లో నేను సొంతంగా ఆసుపత్రి పెట్టుకున్నాను. ఆమె ఒక్కసారైనా వచ్చి నా కుర్చీలో కూర్చుని తప్పులు పడితే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మౌనిక ఏటా నా దగ్గరికి వచ్చి ఎక్స్‌రే తీయించుకుంటుంది. మొన్న కుడివైపు కొత్త నీడ కనబడింది, చిన్నదే. స్క్రీన్ మీద దాన్ని చూడగానే నా చెయ్యి ఫోన్ మీదికి పోయింది. మేడం నంబరు ఇంకా తీసెయ్యలేదు.

"మళ్ల ఒచ్చిందా అక్కా?" అంది మౌనిక.

"వచ్చింది. చిన్నదే. తీసేద్దాం."

మౌనిక స్క్రీన్ దగ్గరికి వంగి ఆ నీడను చూసింది. తర్వాత అడిగింది. "మేడం ఉంటే ఇప్పుడు ఏమంటుండె?"

"'తొందరగా పట్టుకున్నావమ్మా, ఇంకేం భయం లేదు' అనేవారు" అన్నాను.

మౌనిక కళ్లు తుడుచుకుని నవ్వింది. ధైర్యం తెచ్చుకుంది. ఆ మాట నాకు చెప్పేవాళ్లే లేరు.