కోదాడ పిల్లికి పన్ను విరిగిన నాడు

నిన్న పొద్దున మా మునిమనవరాలి ముందు పన్ను ఇడ్లీ తింటుంటే ఊడి వచ్చింది. ఇడ్లీకే ఊడిందంటే అది ఎంత సిద్ధంగా ఉందో చూడండి. ఆరేళ్ల పిల్ల, ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేక నా మొహం చూసింది. "ఏం కాదు, పేడలో చుట్టి ఇంటి మీదికి విసిరితే కొత్తది వస్తుంది" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, మేముండేది మిర్యాలగూడలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో అని. మా ఇంటి మీద ఇంకొకరి ఇల్లు, దాని మీద మరొకరిది. "ఎవరి నెత్తిన విసరమంటావు అమ్మమ్మా?" అని దాని తల్లి, నా మనవరాలు అడిగింది. పేడ సంగతి అడగనే వద్దు. చివరికి ఆ పన్నును కాగితంలో పొట్లం కట్టి నా దిండు పక్కన పెట్టి ఎవరి పనుల మీద వాళ్లు పోయారు. మా ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలియనివన్నీ నా గదికే చేరతాయి. ఆ పొట్లం విప్పి చూస్తూ కూర్చుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమె వెనకాలే కోదాడ పిల్లీ వచ్చింది.

అప్పుడు మేం సూర్యాపేటలో ఉండేవాళ్లం. నాకు తొమ్మిదేళ్లు. గడబిడ రోజుల్లో ఏడాదికి పైగా ఇంటికి తాళం వేసి కోదాడలో మా మేనత్త ఇంట్లో తలదాచుకున్నాం. కోదాడలో ఉంటే, ఏమన్నా అయితే మూటాముల్లె సర్దుకుని బెజవాడ దారి పట్టొచ్చని పెద్దల ఆలోచన. పోలీసు యాక్షన్ అయ్యి, ఊళ్లు కుదుటపడి, మేం తిరిగొచ్చి తలుపు తీస్తే ఇల్లు ఎలుకల పాలై ఉంది. వడ్ల గాదె నిండా పొట్టు, నా పలక చెక్క చుట్టూ పంటిగాట్లు. ఆ కబురు విని మా మేనత్త ఒక పిల్లికూనను తాటాకు బుట్టలో పెట్టి బండిలో పంపింది. "దీని తల్లి మా వీధిలో ఎలుకన్నది లేకుండా చేసిందమ్మా, ఇదీ అంతే అవుతుంది" అని బండివాడితో చెప్పించింది. అది వచ్చిన నెల రోజుల్లో పట్టింది ఒక మిడతను, రెండు బొద్దింకలను. తెల్లటి ఒళ్లు, వీపు మీద పసుప్పచ్చ మచ్చ, పొద్దస్తమానం అరుపు. మా నాయనమ్మ దానికి పేరు పెట్టలేదు, కోదాడది అనేది. "కోదాడోళ్లకు మాటలెక్కువ, పని తక్కువ. పిల్లి సుత గంతే" అనేది. మా మేనత్త ఆమె సొంత కూతురే సుమండీ.

నాన్న మిర్యాలగూడ కచేరీలో గుమాస్తా. పదిహేను రోజులకోసారి వచ్చేవాడు. ఇంట్లో ఉండేది నాయనమ్మ, అమ్మ, నేను, పిల్లి. నాయనమ్మ నోట్లో అప్పటికే మిగిలినవి నాలుగైదు పళ్లు. అవీ ఒకదానికొకటి ఎదురుపడేవి కావు. అయినా ఆకూ వక్కా లేనిదే ఆమెకు పొద్దు గడవదు. వక్కను ఆమె పోక అనేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక చిన్న రాతిరోట్లో పోకను వేసి టక్కు టక్కుమని దంచుకునేది. ఆ చప్పుడు వింటూ మా వాడకట్టంతా కునుకు తీసేది. ఒకనాడు పొద్దున నేను ఆమె వక్కలు దాచుకునే ఇత్తడి డబ్బాలోంచి ఒక వక్క దొంగిలించాను. తినడానికి కాదు. దారం కట్టి నేల మీద ఈడిస్తే కోదాడది దాని మీదికి ఉరికేది. పిల్లికి చెలగాటం అంటారు గానీ ఆ పొద్దు చెలగాటం నాది, ప్రాణసంకటం దానిది. ఒక్క ఉరుకున వచ్చి వక్కను కసుక్కున కొరికింది, కీచుమంది, వక్కతో సహా గాదె కిందికి దూరిపోయింది. నేల మీద బియ్యపు నూకంత పన్ను ముక్క. ఇంతకుముందే అమ్మ చెప్పి ఉంది, పిల్లిని సతాయిస్తే మళ్లీ కోదాడ బండి ఎక్కిస్తానని. ఎవరూ చూడకుండా పన్ను ముక్కను పేడలో చుట్టి గూనపెంకుల మీదికి విసిరేశాను. నా పళ్లు అలాగే వేశాను, వచ్చాయి కదా, దానికీ వస్తుందని నా నమ్మకం.

అంతటితో ఆగితే బాగుండేది. మధ్యాహ్నం అది గాదె కింది నుంచి బయటికొచ్చి పిడకల దాలిలో కాగుతున్న పాలకుండ మీద మూతిపెట్టింది. నాయనమ్మ చూసి చేతిలో ఉన్న పప్పుగుత్తి విసిరింది. ఆమె గురి ఎలాంటిదంటే కాకిని కొట్టబోతే కుండ పగిలేది. పప్పుగుత్తి వెళ్లి గడపకు తగిలింది, పిల్లికి బారెడు దూరంలో. నేను కళ్లారా చూశాను. కానీ నాయనమ్మ దగ్గరికి పోయి చూసేసరికి పిల్లి గదవ మీద నెత్తుటి చార, పక్కన కోరపన్ను సగమే ఉంది. ఆమె అక్కడే కూలబడింది. "పిల్లిని సంపిన పాపం ఏ గంగల మునిగినా పోదంటరు. నా చేతులు ఇరగ, గింత పని సేసిన" అంది. "అది బతికే ఉంది అత్తమ్మా" అని అమ్మ ఎంత చెప్పినా వినలేదు. "తినకపోతే ఎన్నొద్దులు బతుకుతది? సచ్చిపోతే బంగారు పిల్లిని సేపిచ్చి దానమియ్యాలె" అని తన చెవి కమ్మలు తీసి దేవుడి గూట్లో పెట్టింది. ఒంటి మీద ఆమెకు మిగిలిన బంగారం అదే. వాటిని ఓసారి చూసుకుని "వీటితోని తోకన్న అయితదో లేదో" అని కూడా అంది. నవ్వు రావలసిన మాటే. ఎవరికీ రాలేదు. ఆ తర్వాత అసలు మాట అంది. "అది ముద్ద ముట్టేదాక నాకు ముద్ద వద్దు."

నేను అప్పుడే చెప్పేయాలి. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. చెబితే వక్క దొంగతనం బయటపడుతుంది, పిల్లి కోదాడ పోతుంది. చెప్పకపోతే నాయనమ్మ పస్తుంటుంది. తొమ్మిదేళ్ల పిల్లకు రెండూ ఒకే బరువు, ఏం చేయమంటారు? ఆమె మాత్రం ఆ పూట నుంచి మంచినీళ్లతో సరిపెట్టుకుని పిల్లికి వైద్యం మొదలుపెట్టింది. తన పంటినొప్పికి వాడే లవంగం నూరి దాని చిగురుకు రాసింది. అది నురగలు కక్కుకుంటూ అటకెక్కింది. పసుపు వేసి కాచిన పాలు పొగలుపోకముందే ముందు పెట్టింది. అది వాసన చూసి మొహం తిప్పేసుకుంది. ఎంత ప్రేమగా చేసిందో అంతా బెడిసికొట్టింది. పశువుల డాక్టరు మిర్యాలగూడ నుంచి నెలకోసారి వచ్చేవాడు, ఆ నెల వచ్చి వెళ్లిపోయాడు. రెండో రోజు నాయనమ్మ గోడకు జారగిలబడి కూర్చుంది. రోటి చప్పుడు లేదు. వాడకట్టు వాళ్లు "ముసలమ్మకు పానం బాగలేదా?" అని వచ్చి అడిగి పోయారు. ఆ రాత్రి నా కంచంలో అన్నం అలాగే మిగిలింది.

మూడో రోజు ఊళ్లో ఎడ్ల అంగడి. మా ఎదురింటి తాత ఆ అంగడిలో దళారి. నేరేడుచర్ల వైపు నుంచి వచ్చే రైతులు ఆయన నోరు తెరిచి చూడనిదే ఎద్దును కొనేవాళ్లు కాదు. ఆయన నోరు కాదు లెండి, ఎద్దు నోరు. పెదవి ఎత్తి పళ్లు చూసి ఇది ఇంకా పాలపళ్లది, ఇది రెండు పళ్లది, ఇది ఆరు పళ్లది అని వయసు చెప్పేవాడు. అంగడి రోజున పొద్దుగూకితే గానీ ఇంటికి రాడు. "పండ్లు తెలిసినోడు ఊర్ల ఆయన ఒక్కడే. పొద్దుమూకేదాక ఆగితే ఇది ఉంటదో పోతదో" అని నాయనమ్మ లేచింది. అమ్మ కాళ్లావేళ్లా పడింది. వినలేదు. తాటాకు బుట్టలో పిల్లి, బుట్ట నా నెత్తిన, నా భుజం మీద నాయనమ్మ చెయ్యి. దారి పొడుగునా చెప్పేద్దామని నోరు తెరుస్తాను, మూస్తాను. దుమ్ము, ఎడ్ల మెడగంటలు, మనుషుల కేకలు. ఎడ్ల వరసలో బుట్ట పట్టుకుని నిలబడిన మమ్మల్ని చూసి ఒక రైతు "అవ్వా, నీ కోడె ఏ సాలు దున్నుతది?" అన్నాడు. నాయనమ్మ వినిపించుకోలేదు.

తాత నవ్వలేదు. "గిదేం పని అక్కా, ఎండల గింత దూరం" అంటూ తువ్వాలు పరిచి ఆమెను కూచోబెట్టాడు. పిల్లిని రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని బొటనవేలితో పెదవి ఎత్తాడు. అది చేతిని రక్కింది. "నీకన్న ఎడ్లు నయం" అన్నాడు. తర్వాత కళ్లు చికిలించి చాలాసేపు చూశాడు. "అక్కా, ఇది ఇంకా పాలపండ్ల మీదనే ఉన్నది. ఇరిగింది పాలపన్ను. గిది ఉన్నా ఊడిపోయేదే. గీడ సూడు, పక్కపొంటి కొత్త పన్ను మొన దేలింది" అని తన చిటికెన వేలు పెట్టి చూపించాడు. అవును, చిగురు మీద తెల్లగా, సూదిమొనంత. "మరి తింటలేదేందిరా తమ్మీ?" అని నాయనమ్మ అడిగింది. ఆయన పిల్లి నోరు వాసన చూశాడు. "లవంగం ఎవలు రాసిన్రు?" అన్నాడు. నాయనమ్మ నేల చూపులు చూసింది. "పంటికి మంట లేదక్కా, మంటంత నీ మందుదే. సల్లటి పెరుగువెట్టు, తింటది. నువ్వు సుత తిను."

కొత్త పన్ను ఎన్నాళ్లకు వస్తుందని ఆమె మళ్లీ అడిగింది. అంగడిలో ధరలు నోటితో చెప్పరు కదా, తువ్వాలు కింద వేళ్లు నొక్కి చెబుతారు, పక్కవాడికి తెలియకుండా. ఆయన అలవాటుకొద్దీ నాయనమ్మ చేతి మీద తువ్వాలు కప్పి లోపల వేళ్లు నొక్కాడు. ఆమె మొహం విప్పారింది. "నాలుగు" అని నా చెవిలో చెప్పింది, "నాలుగు వారాలు." అక్కడే ముంతలో మజ్జిగ అమ్మేవాడి దగ్గర చల్లటి పెరుగు అడిగి తాటాకులో పెడితే కోదాడది మూతి ముంచి, తల ఎత్తకుండా నాకేసింది. తర్వాత ఆ ముంతలో మజ్జిగ నాయనమ్మ తాగింది. ఆమె గొంతు కదలడం చూస్తూ నేను ఏడ్చేశాను. పిల్లి బాగైనందుకు ఏడుస్తున్నానని అనుకున్నారు. ఇంటికొచ్చి కమ్మలు పెట్టుకుంది, రోలు టక్కుమంది, వాడకట్టు కునుకు తీసింది. గండం గడిచింది, ఇంకెందుకు చెప్పడం అనుకున్నాను. నాలుగో వారంలో విరిగిన పన్ను మొద్దు ఎక్కడో రాలిపోయి, కొత్త కోర నిగనిగలాడుతూ నిలిచింది. ఆ కోరతో అది పట్టిన మొదటి ఎలుకను తెచ్చి నాయనమ్మ పాదాల దగ్గరే పెట్టింది. ఆమె దాన్ని తిట్టిన తిట్లలో ఎంత ముద్దు ఉందో నేను రాయలేను.

తర్వాత తొమ్మిదేళ్లకు, పెళ్లయి మిర్యాలగూడలో కాపురం చేస్తున్నదాన్ని, పురిటికి సూర్యాపేట వచ్చాను. నాయనమ్మ తన ఆఖరి పన్ను అరచేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "నువ్వెయ్యి బిడ్డా. నీ చెయ్యి మంచిది. పిల్లి పన్ను ఏస్తే మొలిసింది" అంది. నేను పెంకుల మీద వేసిన సంగతి ఈమెకెలా తెలుసు? ఆమె తీరిగ్గా ఇత్తడి డబ్బా తెరిచి, అడుగు నుంచి దారం కట్టిన వక్కను తీసి నా చేతిలో పెట్టింది. వక్క మీద సన్నటి పంటిగాటు. పిల్లిని వెతుకుతూ ఆ సాయంత్రమే గాదె కింద దొరికిందట. పేడచేతులు నేను బావి దగ్గర కడగడం ఆ పొద్దున్నే చూసిందట. "మరి తెలిసి కూడా మూడొద్దులు పస్తెందుకున్నవే?" అని అడిగాను. "ఇసిరింది ఇసిరిందే గదా. నా గురి తప్పింది గని కోపం తప్పలే" అంది. డబ్బా మూత పెడుతూ, "నువ్వు సెప్తవేమోనని సుత సూసిన" అంది. ఆ మాటకు నేను ఇప్పటికీ తలెత్తలేను. ఆమె మాత్రం బోసినోటితో నవ్వి, "పోనీ, నాది ఎన్నొద్దులకు మొలుస్తదో సెప్పు" అంది. నేను కొంగు కప్పి ఆమె వేళ్లు అయిదూ నొక్కాను. "ఏంది, వారాలా?" "ఏండ్లు" అన్నాను. "ఎక్కువ సెప్పినవ్. నీకు బేరం రాదు" అంది. ఆమెదే నిజమైంది, అయిదేళ్లు ఉండలేదు, మూడో ఏట పోయింది.

ఈ పొద్దున మునిమనవరాలిని మేడ మీదికి తీసుకెళ్లాను. పక్కనున్న వాచ్‌మన్ రేకుల షెడ్డు మీదికి పన్ను విసిరాం. టింగుమంది. కొత్తది ఎప్పుడొస్తుందని అడిగితే, కొంగు కప్పి నాలుగు వేళ్లు నొక్కాను. దానికి ఆట భలే నచ్చింది. పెట్టుడు పళ్లు తీసిన నా నోట్లోకి ఓసారి తొంగి చూసి, "మరి నీకు?" అంటూ కొంగు లాక్కుని నా వేళ్లు అయిదూ గట్టిగా నొక్కింది. "ఎక్కువ సెప్పినవ్" అన్నాను, నాకు తెలియకుండానే. సూర్యాపేట నుంచి మిర్యాలగూడకు బస్సులో గంటన్నర దారి. ఆమె నోటి నుంచి నా నోటికి ఆ ఒక్క మాట రావడానికి అరవై ఏళ్లు దాటింది.