తెర లేని బల్ల

ఆమె బల్ల మీది కంప్యూటర్ తెరను ఎత్తుకుపోయిన రోజున అందరితో పాటు ఆమె కూడా నవ్వింది.

నీళ్ళ సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోను ఆమెది. ఎవరి వీధిలో పైపు పగిలినా, ఎవరి కుళాయిలో మురుగు వచ్చినా అది ముందు ఆమె చెవిలోనే మోగుతుంది. వాళ్ళు చెప్పేది వింటూ టైపు చేస్తే, రిపేరు చేసేవాళ్ళకు అక్కడినుంచి చేరుతుంది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. తెర మీద ఏముందో చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఆమె కంప్యూటర్లో ఉంది. ఒక చెవిలో ఆ గొంతు, రెండో చెవిలో ఫోను, పది వేళ్ళూ కీబోర్డు మీద. పని అలా నడిచిపోయేది. హెడ్‌ఫోన్‌లోంచి ఆ గొంతు సన్నగా బయటికి వినబడేది కాబట్టి ఆఫీసువాళ్ళు ఆమెకు రేడియో అని పేరు పెట్టారు. దానికీ నవ్వేది.

పక్క బల్ల బిల్లుల గుమాస్తాకు రెండు తెరలు కావలసి వచ్చాయి. ఒకదాంట్లో పాత బిల్లు, రెండోదాంట్లో కొత్త బిల్లు పెట్టుకుంటే పని త్వరగా తెములుతుందట. కొత్త తెర కావాలని పైకి రాస్తే అదెప్పటికొచ్చేను? సూపరింటెండెంటు గారు గదంతా కలియజూసి, ఆమె బల్ల దగ్గర ఆగారు.

"నీకెందుకమ్మా ఇది, ఊరికే కరెంటు దండగ" అన్నారు.

ఆయన చెడ్డవాడు కాదు. ఆమె పెళ్ళికి వచ్చి అక్షింతలు వేసిన మనిషే. అందుకే ఆ మాటకు ఎదురు చెప్పడం ఆమెకు చేతకాలేదు. "తీసుకోండి సార్" అని తానే అంది. గుమాస్తా వైరు ఊడదీసి తెరను మోసుకుపోయాడు. బల్ల మీద ఖాళీ మిగిలింది. ఖాళీగా ఉంది కదా అని ఎవరో భోజనం డబ్బా పెట్టారు. తర్వాత మంచినీళ్ళ క్యాను వచ్చి చేరింది, దాని పక్కన హెల్మెట్లు. ఆమె కీబోర్డును ఒడిలోకి లాక్కుని, మోచేతులు దగ్గరగా ముడుచుకుని పనిచేయడం అలవాటు చేసుకుంది. ఒకరి చోటు ఇంకొకరిదైపోవడానికి పెద్ద దౌర్జన్యాలేమీ అక్కర్లేదు. ఒక జోకు, నాలుగు డబ్బాలు చాలు.

ఈ సంగతి ఆమె ఇంట్లో చెప్పలేదు. చెప్పడానికి ఏముంది అనుకుంది. అత్తగారికి కోడలి ఉద్యోగమంటే మహా గొప్ప. మేడ మెట్ల మీద కూర్చుని ఇరుగుపొరుగు ఆడవాళ్ళకు ఒకటే చెప్పేది, మా కోడలి కంప్యూటరు మాట్లాడుతుందే, మాట్లాడినా నాలాగా సతాయించదు అని. సాయంత్రం కోడలు గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే రోజూ అదే ప్రశ్న: "ఏమే, ఇవాళ ఎంతమందికి నీళ్ళు తెప్పించావు?"

ఇలా ఉండగా ఫిర్యాదుల సాఫ్ట్‌వేర్‌కు కొత్త వెర్షన్ వచ్చింది. కంప్యూటర్లు చూసే టెక్నీషియన్ సెలవు రోజున వచ్చి, అన్ని మెషీన్లలోనూ పాతది తీసేసి కొత్తది ఎక్కించాడు. ఒక్కొక్కటీ ఆన్ చేసి, సరిగ్గా తెరుచుకుంటోందో లేదో చూసుకున్నాడు. ఆమెదానికి మాత్రం తెర లేదు. తన ల్యాప్‌టాప్ నుంచే నెట్‌వర్క్ మీదుగా ఎక్కించేసి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆమె వచ్చి మెషీన్ ఆన్ చేసింది. లోపల ఫ్యాను తిరిగిన చప్పుడు వినబడింది. గొంతు రాలేదు. దానికి బదులు 'టంగ్' అని ఒక మోత. ఆ మోత ఏమిటో ఆమెకు తెలుసు. తెర మీద ఏదో పెట్టె తెరుచుకుంది, అందులో ఏదో రాసి ఉంది, సరే అనమని అడుగుతోంది. ఎంటర్ నొక్కింది. పెట్టె పోయినట్టుంది. చదివే సాఫ్ట్‌వేర్‌ను మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ టంగ్. విండోస్‌లో తనంతట తానే చదివే గొంతు ఇంకొకటి ఉంటుంది గానీ, మిగతావాళ్ళ మెషీన్లలో పొరపాటున మోగి విసిగిస్తోందని ఆ ఆఫీసులో దాన్ని ఎప్పుడో ఆపించేశారు. తనకేం వచ్చిందో ఆ మెషీన్ రాసి చూపిస్తూనే ఉంది. చూపించడానికి తెర లేదు, చదివి వినిపించాల్సిన గొంతే పోయింది.

ఆమె టెక్నీషియన్‌కు ఫోన్ చేసింది. ఊళ్ళోని అన్ని ఆఫీసులూ చూసే మనిషి, ఎవరెవరో అతనికి గుర్తుండదు. "తెర మీద ఏమని వస్తోంది మేడమ్, చదవండి" అన్నాడు. ఈమె మళ్ళీ ఎంటర్ నొక్కి చూసింది. "తప్పేమిటో, ఏ ఫైలు లేదో అందులోనే రాసి ఉంటుంది. అది చెబితే గానీ నేనేం చేయలేను" అన్నాడు.

నాకు చూపు లేదండీ అనే మాట ఆమె జీవితంలో లెక్కలేనన్నిసార్లు చెప్పింది. ఆ రోజు మాత్రం నోట రాలేదు. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం ఆమెది. పొడిగింపు కాగితం ఆ నెలలోనే సూపరింటెండెంటు గారి బల్ల మీదికి వచ్చింది. ఆ సీట్లో చూపున్నవాళ్ళుంటే పని ఇంకా చురుగ్గా సాగేదని ఎవరో అనడం ఆమె చెవిన పడింది. ఆమె చెవిన పడదనుకుని అనే మాటలన్నీ ముందు ఆమెకే వినబడతాయి. తానే ఏదో తప్పు మీట నొక్కి ఉంటానని కూడా ఒక అనుమానం. "కనుక్కుని చెబుతాను సార్" అని పెట్టేసింది.

గుమాస్తాను అడిగింది, ఒక్క నిమిషం తెర ఇస్తారా అని. ఈ బిల్లు అవనీ అన్నాడు. బిల్లు తర్వాత ఇంకో బిల్లు ఉంటుంది. ఆమె రెండోసారి అడగలేదు.

ఫోను మోగడం మాత్రం ఆగదు కదా. మొదటి ఫోన్‌లో ఒక ఆవిడ వీధి పేరు, ఇంటి గుర్తులు చెప్పి, నీళ్ళు గోధుమరంగులో వస్తున్నాయి, వాసన కొడుతున్నాయి అంది. ఆమె ఆ వివరాలు మనసులో గట్టిగా పట్టుకుంది. గొంతు తిరిగి రాగానే ముందు ఇదే ఎక్కించాలనుకుని, "రాసుకున్నానమ్మా" అంది. రెండో ఫోను వచ్చింది. మూడోది వచ్చింది. మధ్యాహ్నానికి వీధులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అయినా ప్రతి ఒక్కరికీ అదే మాట చెప్పింది. వేళ్ళు ఆగితే గదిలోవాళ్ళు గమనిస్తారని, పలకని మెషీన్ మీద ఉత్తుత్తినే టైపు చేస్తూ కూర్చుంది. కీబోర్డు చప్పుడు తనకే అసహ్యంగా వినబడింది.

గది గమనించకపోలేదు. హెడ్‌ఫోన్‌లోంచి సన్నటి గొంతు రావడం లేదని అందరికీ తెలిసింది. "రేడియో ఇవాళ మూగనోము పట్టినట్టుందే" అన్నాడు గుమాస్తా. హాయిగా ఉందని ఇంకెవరో అన్నారు. ఏమైందమ్మా అని ఒక్కరూ లేచి రాలేదు.

ఆ సాయంత్రం అత్తగారు ఎప్పటిలాగే అడిగింది. "చాలామందికి అత్తయ్యా" అని, మొహం కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్ళిపోయింది. మర్నాడూ ఆఫీసులో అదే మోత, ఫోనులో అదే అబద్ధం, ఇంట్లో అదే జవాబు. అన్నం ముందు కూర్చుంటే చెవిలో వినబడేది ఆ గోధుమరంగు నీళ్ళ ఆవిడ గొంతే. వీధి పేరు మాత్రం ఎంత తడుముకున్నా దొరకలేదు.

ఆ వారం గడవకముందే ఆవిడే ఆఫీసుకు వచ్చింది. చేతిలో ఆ గోధుమరంగు నీళ్ళతో ఒక సీసా. దాన్ని తిన్నగా తెచ్చి ఆమె ముందు, భోజనం డబ్బాల మధ్య టక్కున పెట్టింది.

"ఫోన్‌లో రాసుకున్నానన్నది నువ్వేనా?"

"నేనేనమ్మా."

"మా పాప ఆస్పత్రిలో పడుంది. వాంతులు. మళ్ళీ చేస్తే మళ్ళీ రాసుకున్నానన్నావు. ఎక్కడ రాసుకున్నావో చూపించు."

మెషీన్ పాడైందని చెప్పేయొచ్చు. చెబితే అది నిజమే అవుతుంది కూడా. ఆమె లేచి నిలబడింది.

"రాయలేదమ్మా. రాసుకున్నానని అబద్ధం చెప్పాను. మూడు రోజులుగా నా కంప్యూటరు పలకడం లేదు. చెబితే ఉద్యోగం పోతుందని భయమేసి ఎవరికీ చెప్పలేదు."

సీసా ఆవిడ తిట్టడానికి నోరు తెరిచి, అప్పుడు చూసింది ఆ మొహాన్ని. ఆ తర్వాత బల్లను చూసింది. డబ్బాలు, క్యాను, హెల్మెట్లు, కింద ఎటూ తగిలించకుండా వేలాడుతున్న వైరు.

"అందరి బల్లల మీదా టీవీలున్నాయి, నీ బల్ల మీద లేదేం?" అంది. సూపరింటెండెంటు గారు గొంతు సవరించుకుని, ఆమెకు తెరతో పనిలేదనీ, చూపు లేదు కదా అనీ అన్నారు.

"ఆవిడకు లేదు సరే. మీకుందిగా. దీనికేమైందో మీరు దేంట్లో చూస్తారు?"

గుమాస్తా తన రెండో తెర వైరు పీకి తెచ్చి, డబ్బాలు నేలమీద దించి, బల్లకు తగిలించాడు. మళ్ళీ టంగ్ అంది. ఆ పెట్టెలో ఉన్నదాన్ని సీసా ఆవిడే కూడబలుక్కుంటూ పైకి చదివింది. ఈ ప్రోగ్రామ్ మొదలు కావడం లేదు, దానికి కావలసిన ఫలానా ఫైలు ఈ కంప్యూటర్లో లేదు, ప్రోగ్రామ్‌ను మళ్ళీ ఇన్‌స్టాల్ చేసి చూడండి. అంతే. ఇన్ని రోజులూ ఆ మూడు ముక్కలూ ఆమె ఎదుటే ఉన్నాయి. ఆ గదినిండా కళ్ళున్నాయి.

ఆ ఫైలు ఒక్కటే నెట్‌లో దొరుకుతుందేమో దించేద్దాం అని గుమాస్తా హడావిడి పడ్డాడు. ఫోన్ చేస్తే టెక్నీషియన్ వద్దన్నాడు. అలా ఎక్కడపడితే అక్కడ దొరికే ఫైళ్ళలో ఏముంటుందో ఎవరికీ తెలియదని, కొత్త వెర్షన్ పెట్టేటప్పుడు పాతదానితో పాటు ఈ ఫైలు కూడా పోయుంటుందని, చదివే సాఫ్ట్‌వేర్ కూడా దాన్నే వాడుకుంటోందని తనకు తోచలేదని చెప్పాడు. ఆ సాఫ్ట్‌వేర్‌ను దాని అసలు సెటప్‌తోనే మళ్ళీ ఇన్‌స్టాల్ చేయించాడు. మెషీన్ ఒకసారి ఆపి ఆన్ చేయమన్నాడు. హెడ్‌ఫోన్‌లో గొంతు వచ్చింది.

"రేడియో వచ్చేసిందిరోయ్" అన్నారెవరో. ఆ రోజు ఆమె నవ్వలేదు.

ముందు ఆ వీధి ఫిర్యాదు ఎక్కించింది. తర్వాత ఫోనులో ఉన్న నంబర్లు ఒక్కొక్కటే తిరిగి కలిపింది. మీరు చెప్పినప్పుడు నేను రాసుకోలేదండీ, రాసుకున్నానని అబద్ధం చెప్పాను, దయచేసి మళ్ళీ చెప్పండి. అదే మాట, ప్రతి ఒక్కరికీ. కొందరు పరవాలేదన్నారు. కొందరు నానా మాటలూ అన్నారు. ఒక పెద్దాయన, జీతం తీసుకుంటున్నావు కదమ్మా అని మాత్రం అని పెట్టేశాడు. ఆ మాటకు ఆమె చాలాసేపు ఇంకో నంబరు కలపలేకపోయింది. తెర పట్టుకుపోయినవాడు, పట్టుకుపొమ్మన్నవాడు, చూడకుండా అప్‌డేట్ చేసినవాడు, హాయిగా ఉందన్నవాడు ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు. గదిలో తల వంచుకుని ఉన్నది ఆమె ఒక్కతే.

ఇంటికి వెళ్ళేముందు గుమాస్తా వచ్చాడు, పని అయిపోయింది కదా, తెర తీసుకెళ్తానని. ఆమె దాని మీద చెయ్యి వేసింది.

"ఉండనివ్వండి."

"నీకెందుకమ్మా?"

"నాకు కాదు. నా బల్ల దగ్గరికొచ్చి నిలబడేవాళ్ళకి."

ఆ సాయంత్రం గుమ్మంలో అత్తగారి ప్రశ్నకు ఉన్నదంతా చెప్పేసింది. అత్తగారు అంతా విని, "నీ బల్ల మీద టీవీ పీక్కుపోతుంటే నోరెందుకు మూసుకున్నావే?" అంది. ఆ తర్వాత ఇంకో మాట అడిగింది: "ఆ పాప ఎలా ఉందిట?" మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ఆస్పత్రికి వెళ్ళారు. పాప తేరుకుంది. సీసా ఆవిడ వీళ్ళను కూర్చోమంది. క్షమించానని ఆవిడ అనలేదు, అనాలని ఈమె ఆశించలేదు.

ఫిర్యాదులు ఎక్కించనందుకు ఆమెకు ఆఫీసు మెమో ఇచ్చింది. అందులో తెర ఊసు లేదు, అప్‌డేట్ ఊసు లేదు. తప్పు తనదేనని ఆమె జవాబు టైపు చేసింది. కింద ఒక వాక్యం చేర్చింది, నా బల్ల మీదినుంచి తెర తీసిన సంగతి కూడా రాసుకోగలరు అని. పొడిగింపు వచ్చింది, ఏడాదికి కాదు, ఆరు నెలలకు. తెర మాత్రం బల్ల మీదే ఉంది. డబ్బాలు దాని వెనక్కి చేరాయి.

ఈ రాత చదివినవాళ్ళను నేను అడిగేది ఇదీ. రేపు మీ ఆఫీసుకు, బడికి, బ్యాంకుకు వెళ్ళినప్పుడు చూపులేనివాళ్ళు పనిచేసే బల్ల ఉంటే దాని దగ్గరికి వెళ్ళండి. దాని మీద తెర ఉందో లేదో చూడండి. లేకపోతే తెప్పించేదాకా ఊరుకోకండి. కంప్యూటర్లు మీ చేతిలో ఉంటే, ఏ అప్‌డేట్ చేసినా ఆ మెషీన్ గొంతు పలుకుతోందో లేదో వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని విన్న తర్వాతే లేవండి. ఎవరి తెర మీదైనా ఏదైనా పెట్టె కనబడితే ఓకే నొక్కి మూసేయకండి, అందులో ఏముందో పైకి చదివి చెప్పండి. ఎప్పుడూ వినబడే గొంతు ఒకటి మీ పక్కన ఆగిపోతే, హాయిగా ఉందనుకోకుండా లేచి వెళ్ళి అడగండి.