గుట్టకు నిప్పు పెట్టిన ఏడాది

మొన్న పొద్దున నాగర్‌కర్నూల్‌లో మా బిడ్డ ఇంటి మేడ మీద బట్టలు ఆరేస్తుంటే గాలిలో ఎండుగడ్డి కాలిన వాసన వచ్చింది. దూరాన గుట్ట మీద పొగ కనిపించింది. ఎవరో కావాలనే అంటించారని కింద వీధిలో తిట్టుకుంటున్నారు. మా వయసు వాళ్లకు ఆ వాసన తగిలితే ఇంట్లో కాలు నిలవదు. మోకాళ్లు సహకరించక పిట్టగోడకు ఆనుకుని, లింగాల దగ్గరి మా అత్తవారి ఊరికి మనసులోనే వెళ్లివచ్చాను.

నేను కోడలిగా వెళ్లిన ఇంట్లో సీతాఫలాల వ్యాపారం. మా మామ కాయలను గంపలకెత్తి సంతలకు పంపేవాడు గానీ, గుట్టెక్కి కోసుకొచ్చేది ఊళ్లోని ఆడవాళ్లు, వాళ్లందరికీ ముందు మా అత్త. దసరా రోజుల్లో ఆ గుట్టే మా అందరికీ అన్నం పెట్టేది. అలాంటి గుట్టకు ప్రతి ఎండాకాలం ఎవరో నిప్పు పెట్టేవారు. చెట్లు మాడి కాపు తగ్గిపోయేది, ఎవరి పనో తెలిసేది కాదు.

ఒక ఏడాది మధ్యాహ్నపు జొహర్ నమాజు అయి అన్నాలకు కూర్చున్న వేళ పొగ లేచింది. మా అత్త కంచం వదిలేసి వీధి వీధంతా కేకలేస్తూ పరుగెత్తింది, కొడవళ్లు, తడి గోనెసంచులు పట్టుకుని మేమంతా ఆమె వెంట పడ్డాం. సగం ఎక్కామో లేదో, పొగలు కక్కే కొరివి చేతిలో ఉండగానే ఒక మనిషి ఎదురయ్యాడు. చూస్తే రోజూ మా అరుగు మీద మామతో బీడీ కాల్చే గొర్రెల ఆసామి!

"ఏందన్నా, గిట్ల జేసినవ్?" అంది మా అత్త.

"కాలినకాడ వానలకు గడ్డి మంచిగ మొలుస్తదని, వదినా... గింతగనం అంటుకుంటదని తెల్వదు."

ఒకామె చెప్పు తీసింది, ఇంకొకామె చెట్టుకు కట్టేయమంది. కోపంతో నేనూ ముందుకు ఉరికాను. మా అత్త అడ్డుపడి, పచ్చికొమ్మ విరిచి అతని చేతిలో పెట్టింది.

"కొట్టుడు ఎనక జూద్దాం. ముందుగాల ఆర్పు, నడువ్!"

మంటకు ఎగువన మేము కోడళ్లందరం గడ్డి కోసి, ఆకులు ఊడ్చి నేలను బోడి చేస్తూ పోయాం, పెద్దవాళ్లు కొమ్మలతో, గోనెలతో బాదుతూ వచ్చారు. ఆ ఆసామి అందరికన్నా ముందు నిలబడి, తలపాగా మాడినా వెనక్కి రాలేదు. ఊడ్చిన నేల దాకా వచ్చిన మంట మేయడానికేమీ దొరకక చతికిలబడింది. మసి మొహాలు చూసుకుని నవ్వుకుంటూ దిగివస్తుంటే ఊరి మొదట్లోనే డప్పు మోగింది. మా పెళ్లి ఊరేగింపు కూడా అంత ఘనంగా జరగలేదు!

పంచాయితీలో ఆసామి తలవంచాడు. కాయల కోత అయ్యేదాకా గొర్రెలు గుట్టెక్కకూడదని, ప్రతి ఎండాకాలానికి ముందు గుట్ట చుట్టూ గడ్డి అతనే దగ్గరుండి తీయించాలని తీర్పయింది. బతికున్నంత కాలం తీయించాడు, గుట్ట మీద ఎవరైనా బీడీ ముట్టిస్తే వాడి మీదికి కర్రెత్తేవాడు కూడా. ఆ దసరాకు కాయలు మోయడానికి గంపలు చాలక చీరకొంగుల్లో మూటలు కట్టాం.

ఇప్పుడు బజారుకు తోటల్లో పండిన పెద్ద పెద్ద సీతాఫలాలు వస్తున్నాయి, గుట్టలకు కాపలాదారులూ వచ్చారు. నిప్పు పెట్టేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు, వాళ్ల మీద కోపమూ అలాగే ఉంది. కానీ ఆనాడు కోపం వచ్చిన వాళ్లంతా గుట్టెక్కారు.