కళ్లం బొమ్మ ముందు

అరవైల మొదట్లో నరసరావుపేటలో మాచర్ల బస్సు తప్పిపోయింది. తర్వాతి బస్సుకు చాలా టైముంది. పక్కనే మిషన్ స్కూలు హాల్లో బొమ్మల ప్రదర్శన ఉందంటే వెళ్లాను. వడగాలికి కిటికీలన్నీ మూసేశారు. డ్రాయింగు మాస్టారు గీసిన కొండలు, మబ్బులు, కొంగలు గోడల నిండా ఉన్నాయి.

చివర్న ఒక పెద్ద పటం. కళ్లంలో జొన్నల రాశి, పక్కన చేటెత్తి తూర్పారబడుతున్న మనిషి, గాలికి ఎగిరిపోతున్న పొట్టు. దాని ముందు ఒక పెద్దావిడ వట్టికాళ్లతో నిలబడి ఉంది. నేను దగ్గరికి వెళ్లబోతే ఆపింది.

“చెప్పులిడిసి రా నాయనా. కళ్లంలోకి చెప్పులేసుకొని వస్తారా ఏంది?”

మాది మద్రాసు. కళ్లం తొక్కి ఎరగను. నవ్వొచ్చింది గానీ, ఆవిడ ముఖం చూసి చెప్పులు విడిచాను.

“వానల్లేక మా కళ్లంలో రాశి పడి రెండేళ్లాయె. ఎవుళ్లదో గానీ, చానా పండింది,” అంటూ దణ్ణం పెట్టింది. ఆ తర్వాత ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నా వైపు తిరిగింది.

“కొంచెం పక్కకు జరుగయ్యా, గాలికి అడ్డం నిలబడ్డావు.”

గబుక్కున జరిగాను. కిటికీలన్నీ మూసి ఉన్నాయన్న సంగతి, జరిగాక గానీ గుర్తు రాలేదు.