కడుపులో రాజు

మ్యూజియంలో అద్దం వెనుక ఒక రోమన్ వెండి నాణెం చూడగానే ఆగిపోయాను. దాని మీది రాజుకు అదే పొడుగు ముక్కు, తలకు అదే ఆకుల దండ.

నా చిన్నప్పుడు యాకుత్‌పురాలో మా నాయనమ్మ దగ్గర అలాంటిదే ఉండేది. అక్క పెళ్లి మిఠాయిల మీద అంటించే పలుచని వెండి రేకు, వరఖ్ కోసం దాన్ని ఆ రేకులు కొట్టే పక్కింటి ఖాదర్ చాచాకిచ్చింది. ఆయన నా ముందే కరిగించాడు.

"గా రాజేడ పోయిండు చాచా?" అని అడిగాను.

"ఫికర్ ఎందుకు బేటా? రేపటికి నీ కడుపుల ఉంటడు," అని నవ్వాడు.

పొద్దుగూకేదాకా గోడవతల సుత్తి చప్పుడు ఆగలేదు. ప్రతి దెబ్బా ఆ ముఖం మీదే పడుతోందనిపించింది. మర్నాడు పెళ్లిలో, బర్ఫీ మీది వెండి నా ఊపిరికే కదిలింది.

"నోరు తెరువు బిడ్డా," అంటూ నాయనమ్మ కుక్కేసింది. లోపలినుంచి ఆ రాజు ఎప్పుడు అరుస్తాడోనని కడుపు పట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు అద్దం వెనుక నాణెం కింద 'చక్రవర్తి' అని రాసి ఉంది. చదువుతుండగానే నా చెయ్యి కడుపు మీదికి పోయింది.